కుడిచేతి స్వరం

"నీ కోడల్ని అడుగు. కాఫీ ఇస్తాదా, నన్ను వీధిలోకి వెళ్లి తాగమంటాదా?"

జానకిరామయ్యగారు ఈ మాట భార్యతో అన్నారు. హైమ ఆయనకు మూరెడు దూరంలో కాఫీగ్లాసు పట్టుకుని నిలబడే ఉంది.

బాలసరస్వతి పెనిమిటిని చూసింది, కోడల్ని చూసింది. "తెచ్చింది కదండీ. ఎదురుగానే ఉంది."

"అక్కడ పెట్టమను."

హైమ గ్లాసు బల్లమీద పెట్టింది. పెట్టి ఉపయోగం లేదని ముగ్గురికీ తెలుసు. ఆయన కుడిచెయ్యి కట్టులో ఉంది, మెడకు వేసిన గుడ్డలో వేలాడుతోంది. ఎడమచేత్తో ఆయన మంచినీళ్లు కూడా తాగరు. పెరట్లో నాచుమీద జారిపడిన నాటినుంచి అన్నం, నీళ్లు, కాఫీ అన్నీ బాలసరస్వతే నోటికి అందిస్తోంది.

"వేడి తగ్గిందో లేదో చూడమను," అన్నారాయన, మళ్లీ భార్యతోనే.

"చూసేనండి," అంది హైమ.

"ఎవరో ఏదో అన్నట్టున్నారు," అన్నారాయన గోడకేసి తిరిగి.

సోమవారం నుంచీ ఇదే వరస.

వీధిగుమ్మంలో అసిరమ్మ పాలు కొలుస్తోంది. హైమ గిన్నె పట్టింది.

"ఏటమ్మా, పంతులుగోరి గొంతు ఇనబడ్డం నేదు? తెల్లారగట్ల తాతామనవలు సదువుతుంటే నాకు గడియారం అక్కర్నేకపోయింది. ఇప్పుడు రోజూ ఆలీసమైపోతంది."

"పాఠం ఆగింది."

"సెయ్యిరిగితే నోటికేటయ్యింది?"

హైమ గిన్నె తీసుకుని లోపలికి వచ్చేసింది. ఇంట్లో గొడవంతా ఆ ప్రశ్నకు సమాధానం గురించే.

హైమ కొడుకు హరిచరణ్‌కి పదకొండేళ్లు. పుట్టుచెవుడు. నాలుగో ఏట విశాఖపట్నంలో ఆపరేషను చేసి చెవి లోపల తీగ పెట్టారు. చెవి వెనక మిషను, మిషనుకు వైరు, వైరు చివర రూపాయి కాసంత బిళ్ల. ఆ బిళ్ల అయస్కాంతంతో తలకు అతుక్కుంటుంది. తర్వాత మాటలు వచ్చాయి. బడికి వెళ్లాడు. జంధ్యం వేసి ఒడుగు చేశారు. రెండేళ్లుగా తాతగారి దగ్గర వేదపాఠం, పన్నం వెనక పన్నం, చెప్పించుకుంటున్నాడు. అక్షరం పోనివ్వడు.

జానకిరామయ్యగారు పాఠం చెప్తూ కుడిచెయ్యి కదుపుతారు. స్వరం దిగేచోట చెయ్యి కిందికి, ఎక్కేచోట పైకి, రెండూ కానిచోట మధ్యలో. ఆయన గురువూ అలాగే చెప్పారు. కట్టు కట్టించుకుని వచ్చిన మర్నాడు పాఠానికి కూర్చుంటే మనవడి నోట్లో స్వరం లేదు. అక్షరాలన్నీ ఉన్నాయి, ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే ఎత్తులో. వేళాకోళం చేస్తున్నాడనుకుని ఆయన కేకలు వేశారు. ఆ కేకలు భరించలేక సోమవారం నాడు హైమ నోరు విప్పింది.

"వాడి తప్పు కాదండీ మావగారూ. ఆ మిషనులో మాట వినపడతాది గాని, హెచ్చుతగ్గు సరిగ్గా దొరకదు. ఆపరేషన్ అయినప్పుడే డాక్టరమ్మ చెప్పింది. వాడు మీ చెయ్యి చూసి చదువుతన్నాడు."

"ఏటి చెప్పింది డాక్టరమ్మ?"

"చైనాలో ఒకే మాటని పైకెత్తి అంటే ఒక అర్థం, దించి అంటే ఇంకో అర్థం అట. అక్కడ ఈ మిషను పెట్టుకున్న పిల్లలకి మాటలు పట్టుకోడమే కష్టం అట. కొందరికి ఏళ్లు పడతాదట. కొందరు మాట ఎంత సాగింది, ఎంత గట్టిగా ఉంది అన్నది చూసుకుని నెట్టుకొస్తారట. 'మీది తెలుగు, మీకా బాధ లేదమ్మా' అంది."

"ఈ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని చెప్పేరు ఆవిడకి?"

"తెలుగనే చెప్పేం."

"పొద్దున్న అయిదు నుంచి ఆరున్నర దాకా ఈ ఇంట్లో తెలుగా?"

ఆయన ఉత్తరీయం దులుపుకుని లేచిపోయారు. ఆ తర్వాత కోడలితో మాట లేదు, మనవడికి పాఠం లేదు.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం శ్రీకూర్మం నుంచి రంగనాథంగారు వస్తున్నారు. డోలోత్సవానికి గుళ్లో పారాయణకు కూర్చునే వరస ఆయన కూర్చేదే. జానకిరామయ్యగారు నలభై ఏళ్లుగా ఆ వరసలో ఉన్నారు. ఈసారి పక్కన మనవడు కూర్చోవాలి. పిల్లవాణ్ని ఒకసారి విని చెప్తానని రంగనాథంగారు కబురు పెట్టారు. ఆ కబురు చెయ్యి విరగకముందు వచ్చింది.

హైమ మొగుడు ప్రదీప్ గెడ్డం గీసుకుంటూ అద్దంలోంచే పెళ్లాంతో అన్నాడు: "రంగనాథంగారికి నువ్వేటీ చెప్పకు."

"ఏది చెప్పకూడదు?"

"అదే. చైనా గొడవ."

"మరి ఆయన వింటే తెలిసిపోదా?"

"జలుబంటాను. గొంతు పట్టేసిందంటాను. పిల్లలు కదా, బెదిరిపోయేడంటాను."

"ఈ మూడింట్లో ఏదో ఒకటి అనుకోండి. మూడూ కలిపి అనేస్తారు మీరు."

ప్రదీప్ బ్లేడు ఆపాడు. "ఇంత సులువా నీకు? ఒకసారి చెవుడని పేరు పడితే గుళ్లోనే కాదు, ఎక్కడా కూర్చోనివ్వరు. నాన్నగారికి నేనేటి చెప్పేనో తెలుసు కదా?"

"తెలుసు. 'అన్నీ వినపడతాయి, మనలాగే' అని చెప్పేరు."

"అప్పుడు ఆయన ఉన్న పరిస్థితికి అదే చెప్పాలి."

"ఆయన పరిస్థితికి అదొకటి, రంగనాథంగారి పరిస్థితికి ఇంకోటి. పిల్లడి పరిస్థితికేటో ఎవరికీ పట్టదు."

"నువ్వు విజయనగరం వాళ్లమ్మాయివి. ఫిడేలు మాష్టారి కూతురివి. వాడి స్వరం వాడిది కాదని నీకు తెలీలేదా ఇన్నాళ్లూ?"

హైమ చీపురు గోడకు ఆనించింది. "వాడి స్వరం వాడిదే. వాడి గొంతులోంచే వచ్చింది. తప్పు లేకుండా వచ్చింది. అది ఎక్కడ చూసి నేర్చుకున్నాడో మా నాన్నయితే అడిగేవాడు కాదు."

"మీ నాన్నకి వేదం లేదు కదా."

"అదీ అనేయండి. మిగిలిపోయింది."

ప్రదీప్ మళ్లీ బ్లేడు అందుకున్నాడు. చెంప తెగింది. తెగినందుకు పటిక ఎక్కడ పెట్టేవని పెళ్లాం మీద అరిచాడు. పటిక అతని చేతికిందే ఉంది.

అరుపు మొదలవగానే హరి వసారాలోంచి ఒకసారి తొంగిచూశాడు. చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి బిళ్ల ఊడదీసి కాలరుకు తగిలించుకున్నాడు. ఇంట్లో పోట్లాట వచ్చినప్పుడల్లా వాడు చేసే పని ఇదే. హైమకి ఒక్కొక్కసారి కోపం వస్తుంది, ఒక్కొక్కసారి తనకీ అలాంటిది ఒకటుంటే బాగుండుననిపిస్తుంది.

వసారాలోకి వెళ్లి వాడికి ఎదురుగా కూర్చుంది. బిళ్ల పెట్టుకొమ్మని సైగ చేసింది. వాడు నాన్న ఉన్న గదివైపు చూపించాడు.

"అయిపోయిందిలే, పెట్టుకో," అంది పెదాలు కదిపి.

పెట్టుకున్నాడు.

"ఒరే, తాతగారు పాఠం చెప్తుంటే నీకెలగ వినపడతాదిరా?"

"బాగానే వినపడతాది."

"పైకి వెళ్లడం, కిందకి రావడం?"

వాడు ఆలోచించాడు. "గట్టిగా అంటే తెలుస్తాది. మెల్లిగా అంటే తెలుస్తాది. పొడుగ్గా లాగితే బాగా తెలుస్తాది. పైకీ కిందకీ అంటారే, అది ఒక్కలాగే ఉంటాది."

"మరి నువ్వెలగ అనేవాడివి?"

"తాతగారి చెయ్యి కిందకెళ్తే ఇక్కడ బరువు పెడతాను." రొమ్ముమీద వేలు పెట్టాడు. "పైకెళ్తే ఇక్కడ." ముక్కు మొదలు చూపించాడు. "తప్పయితే తాతగారు తల అడ్డంగా ఊపుతారు. అప్పుడు మళ్లీ సరిగ్గా పెడతాను."

"ఎప్పుడూ చెప్పలేదేంరా మాకు?"

"ఏటి చెప్పాలి? మీ అందరికీ అది చెవితో వినపడతాదని నాకెలగ తెలుస్తాది? అందరూ చెయ్యి చూసే చదువుతారనుకున్నాను. లేపోతే తాతగారు చెయ్యెందుకు ఊపుతారు?"

హైమ వాడి కాలరు సవరించింది. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టు. ఫిడేలు తీగమీద వేలు కొంచెం జరిపితే వచ్చే తేడా. ఆ మెట్టే చెవిలో పెట్టిన తీగలోంచి వాడికి అందదు. వాడు దానికోసం రెండేళ్లు ఒక ముసలాయన చేతిని చూశాడు.

"అమ్మా, తాతగారికి కోపం నామీదా, నీమీదా?"

"కట్టుమీద."

"కట్టు ఎప్పుడు విప్పుతారు?"

"డోలోత్సవం అయ్యేక."

వాడు మళ్లీ బిళ్ల ఊడదీశాడు. ఈసారి ఎవరూ పోట్లాడటం లేదు.

రంగనాథంగారు భోజనాల వేళ దాటాక వచ్చారు. మనిషి సన్నం, మాట పొదుపు. కాళ్లు కడుక్కుని, చాపమీద కూర్చుని, కట్టు గురించి అడిగారు. జానకిరామయ్యగారు లోపలి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు. వస్తారో రారో అని పొద్దుట్నుంచి బాలసరస్వతి మొక్కని దేవుడు లేడు. వచ్చారు గానీ మనవడివంక చూడలేదు.

రంగనాథంగారి చూపు హరి చెవిమీద పడింది.

"చిన్నప్పుడు ఆపరేషనండి," అన్నాడు ప్రదీప్. "ఇప్పుడు ఏ లోటూ లేదు."

"అలగా. మంచిది. పిల్లవాడు నాకు ఎదురుగా కూర్చుంటే సరి. తాతగారి చెయ్యి కట్టులో ఉండటం కూడా ఒకందుకు నయమే. వాడి సొంత చదువేదో తెలుస్తాది."

వంటింటి గుమ్మంలో హైమ పంటి బిగువున నిలబడింది.

రంగనాథంగారు పన్నం మొదటి మాట అందించారు. హరి అందుకున్నాడు. తడుముకోలేదు. మాట వెనక మాట వచ్చింది. లాగవలసిన చోట లాగాడు, తుంచవలసిన చోట తుంచాడు. అంతా ఒకే ఎత్తులో. వాడి కళ్లు తాతగారి ఒళ్లో ఉన్న కట్టుమీదే ఉన్నాయి.

రంగనాథంగారు సగంలో ఆపించారు. "అక్షరం పోలేదు. స్వరమేదీ?"

"జలుబండి," అన్నాడు ప్రదీప్. "గొంతు పట్టేసింది. పైగా మిమ్మల్ని చూసి బెదిరిపోయి…"

"జలుబు లేదండి," అంది హైమ.

ప్రదీప్ తల తిప్పాడు. బాలసరస్వతి "హైమా" అంది. హైమ గుమ్మం దాటి వచ్చింది.

"గొంతూ పట్టలేదు, బెదరనూ లేదు. వాడికి మిషనులో మాట వినపడతాది, హెచ్చుతగ్గు వినపడదు. మావగారి చెయ్యి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు చెయ్యి లేదు. అంతే. ఇందులో దాచవలసిందేటో నాకు తెలీదు. దాచలేక చస్తన్నాం నాలుగు రోజుల్నుంచి."

వీధిగుమ్మంలో అసిరమ్మ మాపటేళ పాలకి గిన్నె తెమ్మని పిలుస్తోంది.

రంగనాథంగారు ఉత్తరీయం సవరించుకున్నారు. "నిజం చెప్పేవు, సంతోషం. నేనూ నిజమే చెప్తాను. పారాయణలో పదిమందిమి ఒక్క గొంతుగా వెళ్లాలి. ఒకడు వేరే ఎత్తులో పోతే పక్కవాడూ జారిపోతాడు. గుళ్లో ఎవరూ ఎవరికీ చెయ్యి చూపించరు. పిల్లవాడి మీద నాకేటి కోపం? చెవికి అందనిది నోటికెలగ వస్తాదమ్మా?"

"రెండేళ్లు వచ్చింది కదండీ," అంది హైమ.

"చెయ్యి చూసి వచ్చింది. అది చదువు కాదు."

"సరేనండి," అన్నాడు ప్రదీప్. "ఈ ఏడాదికి వదిలేద్దాం. పై ఏడు…"

"రంగనాథంగారూ," అన్నారు జానకిరామయ్యగారు.

సోమవారం నుంచి ఆయన భార్యతో తప్ప ఎవరితోనూ ఒక ముక్క మాట్లాడలేదు. అందరూ అటు తిరిగారు.

"పైకెక్కి సాగే స్వరాలున్నాయి కదా. సాగదీత ఎక్కడైనా తప్పేడా వీడు?"

రంగనాథంగారు గుర్తుచేసుకున్నారు. "లేదు. సాగవలసినంతా సాగింది."

"సాగదీత నేను చేత్తో చూపించను. ఎన్నడూ చూపించలేదు. అది వాడు వినే పట్టుకున్నాడు. ఇందాకటి దాకా నేనూ అదే చూస్తన్నాను. ఆ డాక్టరమ్మ చైనా పిల్లల గురించి చెప్పిందట, వాళ్లు నిడివి చూసుకుంటారని. మా కోడలు చెప్పింది."

'మా కోడలు' అన్న మాట విని బాలసరస్వతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దొరికినంత చెవితో విన్నాడు. దొరకనిది కంటితో తీసుకున్నాడు," అన్నారు జానకిరామయ్యగారు. "ఒరే హరీ. మళ్లీ మొదలెట్టు."

హరి కట్టువంక చూశాడు. కట్టు కదల్లేదు.

ఉత్తరీయం కిందనుంచి ఎడమచెయ్యి వచ్చింది. గాలిలోకి లేచి, మధ్యలో నిలిచింది.

"ఏవండీ!" అంది బాలసరస్వతి.

"జానకిరామయ్యగారూ, అది ఎడమచెయ్యి," అన్నారు రంగనాథంగారు.

"తెలుసు."

"నాన్నగారూ, వద్దండి," అన్నాడు ప్రదీప్. "రేపు నలుగురూ వింటే…"

"మీ గురువుగారుంటే ఒప్పుకుంటారా? ఎడమచేత్తో స్వరమా?" అన్నారు రంగనాథంగారు.

"ఆయనకి చెయ్యి విరగలేదు."

"ఇది వాదన కాదండీ…"

"అత్తయ్యా, మీరైనా ఊరుకోమనండి మీ అబ్బాయిని!" అంది హైమ.

అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. హరి ఆ నోళ్లవంక వరసగా చూశాడు. చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. బిళ్ల ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తాతగారి ఎడమచేతికేసి చూసి, నోరు తెరిచాడు.

చెయ్యి దిగింది. గొంతు దిగింది.

చెయ్యి మధ్యకు వచ్చింది. గొంతూ వచ్చింది. మొదటి వాక్యం దాటింది. ప్రదీప్ మాట సగంలో ఆగిపోయింది. హైమ ప్రతి మెట్టూ లెక్కపెట్టుకుంటోంది. ఒక్కటీ తప్పలేదు.

"ఆగు," అన్నారు రంగనాథంగారు. "ఆగు నాయనా. ఇలా చెయ్యకూడదు."

వాడికి వినపడదు. ఒళ్లో బిళ్ల ఉంది.

వినపడటం లేదని గ్రహించి ఆయన ఆపమన్నట్టు కుడిచెయ్యి పైకెత్తారు.

హరి కళ్లు ఎడమచేతిమీంచి కుడిచేతిమీదికి వచ్చాయి. రెండేళ్లుగా వాడికి తెలిసిందల్లా కుడిచెయ్యే. వాడు గొంతు పైకెత్తాడు.

అక్కడ రావలసింది ఎక్కే స్వరమే. సాగే స్వరం. నిక్కచ్చిగా పడింది.

జానకిరామయ్యగారు ఎడమచేతిని మెల్లిగా దించి ఉత్తరీయం కిందికి తీసేసుకున్నారు.

ఇక పిల్లవాడి ముందు ఉన్నది ఒక్క చెయ్యే. అది రంగనాథంగారిది. గాలిలో ఉంది. వాడు దాన్నే చూస్తూ స్వరాన్ని సాగిస్తున్నాడు. ఆ చెయ్యి దిగేదాకా వాడు దిగడు.

తర్వాతి అక్షరం కిందిది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. చెయ్యి దించితే రంగనాథంగారు పాఠం చెప్పినట్టు. దించకపోతే పిల్లవాడి ఊపిరి అయిపోతుంది.

వాడి మెడమీద నరం తేలింది.

రంగనాథంగారు ఎవరివంకా చూడలేదు. తన చేతివంక చూసుకున్నారు.